ఆంగ్లభాషయందలి పూర్వభూతము – లకారార్థదృష్టితో నొక పరిశీలనము

ఒక భాషయందలి కాలవ్యవస్థను మఱియొక భాషయందలి కాలవ్యవస్థతో పోల్చి చూచునపుడు పేర్ల సామ్యముకంటె అర్థసామ్యమునే ప్రమాణముగా గ్రహింపవలెను. ఈ నియమమును విస్మరించుటవలన కలుగు దోషములలో ముఖ్యమైనది, ఆంగ్లమున ‘పాస్ట్ పర్ఫెక్ట్’ అని వ్యవహరింపబడు క్రియారూపమునకు సంబంధించినది. సంస్కృతగ్రంథములను ఆంగ్లమున ననువదించువారును, సిద్ధాంతవ్యాసముల సంగ్రహములను ఆంగ్లమున వ్రాయువారును ‘హ్యాడ్’ అను సహాయక్రియను వలసినచోట విడుచుటయు, వలదనినచోట చేర్చుటయు తఱచుగా కనబడుచున్నది. ఇది కేవలము శైలీదోషమైనచో ఉపేక్షింపవచ్చును. కాని దీనివలన సంఘటనల పౌర్వాపర్యమే తలక్రిందులగుచున్నది. కావున ఈ విషయము విచారణార్హము.

‘వెన్ ది టీచర్ కేమ్, ది స్టూడెంట్స్ లెఫ్ట్’ అనునది యొక వాక్యము. ‘వెన్ ది టీచర్ కేమ్, ది స్టూడెంట్స్ హ్యాడ్ లెఫ్ట్’ అనునది మఱియొక వాక్యము. రెండింటికిని భేదము ‘హ్యాడ్’ అను నొక్క పదము మాత్రమే. మొదటి వాక్యమువలన గురువు వచ్చినంతనే శిష్యులు లేచిపోయిరని తేలును, అది యవినయము. రెండవదానివలన గురువు వచ్చుటకు పూర్వమే శిష్యులు వెళ్ళిపోయిరని తేలును. అందు శిష్యుల తప్పేమియు లేదు, గురువే యాలస్యముగా వచ్చియుండవచ్చును. ఒక్క సహాయక్రియ యొకరి దోషమును మఱియొకరిపై మోపగలదని దీనివలన స్పష్టము.

రూపము – నామము

ఈ క్రియారూపము ‘హ్యాడ్’ అను సహాయక్రియచేతను, ప్రధానధాతువుయొక్క భూతకృదంతముచేతను ఏర్పడును. పురుషవచనములనుబట్టి దీనికి మార్పు లేదు. ‘ఐ హ్యాడ్ సీన్’, ‘హి హ్యాడ్ సీన్’, ‘దే హ్యాడ్ సీన్’ అని యంతటను ఏకరూపమే. ‘హ్యాడ్’ తరువాత కృదంతమే రావలెను గాని సామాన్యభూతరూపము రాకూడదు. కావున ‘హ్యాడ్ వెంట్’, ‘హ్యాడ్ కేమ్’ అనునవి యపశబ్దములు. ‘హ్యాడ్ గాన్’, ‘హ్యాడ్ కమ్’ అనునవియే సాధువులు.

‘హ్యావ్’ అను ధాతువునకు కలిగియుండుట యని మూలార్థము. ప్రాచీనాంగ్లమున ‘వ్రాయబడిన లేఖను కలిగియుండెను’ అను వంటి వాక్యములనుండి ‘లేఖను వ్రాసియుండెను’ అను నర్థము క్రమముగా వికసించినది. ఆ దశలో కృదంతము కర్మకు విశేషణముగా నుండెడిది. గమనాద్యర్థకములైన అకర్మకధాతువులకు మాత్రము ‘హ్యావ్’ కాక ‘బీ’ యనునదియే సహాయక్రియగా నుండెడిది. ‘హి ఈజ్ గాన్’ అను నేటి ప్రయోగము దాని యవశేషమే. సంస్కృతమున ‘గత ఆసీత్’ అను ప్రయోగముతో నిది యెంతగా సరిపోవుచున్నదో విజ్ఞులు గమనింపగలరు.

లాటిన్ వ్యాకరణమున ఈ రూపమునకు ‘పర్ఫెక్టుమ్’కంటె అధికమైనది యను నర్థము గల నామము కలదు. దానినుండియే ఆంగ్లవ్యాకర్తలు ‘ప్లూపర్ఫెక్ట్’ అను పేరును గ్రహించిరి. ‘పాస్ట్ పర్ఫెక్ట్’ అనునది తరువాత వ్యాప్తికి వచ్చిన పేరు. ‘పర్ఫెక్ట్’ అనగా పూర్ణమైనది గనుక దీనిని ‘పూర్ణభూతము’ అని తెనిగించుట కలదు. ఈ పేరు విద్యార్థులకు భ్రాంతిజనకము. ఏలయన, పూర్ణత్వము సామాన్యభూతమునందును కలదు. ‘హి రోట్ ఎ బుక్’ అనినచో గ్రంథరచన పూర్తియైనట్లే. కావున పూర్ణత్వము దీనికి వ్యావర్తకధర్మము కానేరదు. డెన్మార్కు దేశీయుడగు ఆటో యెస్పర్సన్ 1924లో వెలువడిన తన ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున దీనికి భూతమునకు పూర్వమైనది యను నర్థముగల పేరు పెట్టెను. ఆ మార్గమున దీనిని ‘పూర్వభూతము’ అనుట యుక్తతరము. ఒక్క యక్షరభేదముతో ‘పూర్ణ’శబ్దము ‘పూర్వ’శబ్దమైనచో లక్షణము నామమునందే ప్రతిఫలించును.

లక్షణము – ఆకాంక్ష

హాన్స్ రైఖెన్‌బాఖ్ అను తార్కికుడు 1947లో ప్రకటించిన తన తర్కగ్రంథమున క్రియాకాలములను మూడు బిందువులచే నిరూపించెను. అవి వచనకాలము, క్రియాకాలము, అపేక్షాకాలము. వక్త మాటలాడు క్షణము వచనకాలము. చెప్పబడు క్రియ జరిగిన క్షణము క్రియాకాలము. ఏ క్షణమున నిలిచి యా క్రియను చూచుచున్నారో యది యపేక్షాకాలము. సామాన్యభూతమున క్రియాకాలమును అపేక్షాకాలమును ఒక్కటియే. అది వచనకాలమునకు పూర్వము. పూర్వభూతమున అపేక్షాకాలము వచనకాలమునకు పూర్వము. క్రియాకాలము అపేక్షాకాలమునకును పూర్వము. ఇదియే దాని నిష్కృష్టలక్షణము.

ఈ లక్షణమును శాస్త్రపరిభాషలో నింకను సులభముగా చెప్పవచ్చును. శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యనునవి కారణములు. పూర్వభూతక్రియ స్వభావముచేతనే సాకాంక్షము. ‘హి హ్యాడ్ గాన్’ అని విన్న ఆంగ్లశ్రోతకు ‘ఎప్పటికి?’ అను నాకాంక్ష తప్పక కలుగును. ఆ యాకాంక్షను తీర్చు మఱియొక భూతసంఘటన అదే వాక్యమునందో, పూర్వవాక్యమునందో, కనీసము ప్రకరణమునందో లభింపవలెను. లభింపనిచో వాక్యము నిరాశ్రయమై నిలుచును. కాలవిచారమున ఆకాంక్షకు ప్రసక్తి యేమి యని శంకింపరాదు. స్మరణార్థకపదము సమీపమున నుండగా భూతార్థమున లృట్టును విధించు సందర్భమున (3-2-112 మొదలు 114 వఱకు) పాణిని సాకాంక్షత్వమును వికల్పమునకు నిమిత్తముగా గ్రహించియే యున్నాడు.

‘ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్’ అను వాక్యము భారతీయుల యాంగ్లమున విరివిగా వినబడును. ప్రకరణమున మఱియొక సంఘటన లేనిచో ఇది దుష్టము. ‘ఐ వెంట్’ అనుటయే చాలును. హిందీయందు ‘గయా థా’ వంటి పూర్ణభూతరూపము అన్యక్రియాపేక్ష లేకయే గడచిన సంఘటనను చెప్పుటకు ప్రయోగింపబడుచున్నది. ఆ సంస్కారము ఆంగ్లమునందు ప్రవేశించుట ఈ దోషమున కొక హేతువు. దూరభూతమే పూర్వభూతమను భ్రమ మఱియొక హేతువు. దూరత్వము దీనికి నిమిత్తము కాదు. వేయి సంవత్సరములకు పూర్వము జరిగినదైనను స్వతంత్రముగా చెప్పినపుడు సామాన్యభూతమే. రెండు నిమిషములకు పూర్వము జరిగినదైనను, దానికి తరువాతి భూతక్షణమునుండి చూచినపుడు పూర్వభూతమే.

లిట్టునకును దీనికిని భేదము

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా పండితులు సంస్కృతలకారములకు గ్రీకుభాషా రూపసామ్యమునుబట్టి పేర్లు పెట్టిరి. లఙ్ ‘ఇంపర్ఫెక్ట్’ అనియు, లుఙ్ ‘ఏయొరిస్ట్’ అనియు, లిట్ ‘పర్ఫెక్ట్’ అనియు వ్యవహారము స్థిరపడినది. ఇవి రూపమునుబట్టి యేర్పడిన పేర్లు గాని అర్థమునుబట్టి యేర్పడినవి కావు. ఈ సంగతి తెలియనివారు ‘చకార’ యను రూపమునకు ‘పర్ఫెక్ట్’ అను పేరు చూచి ‘హ్యాడ్ డన్’ అనియో, ‘హ్యాజ్ డన్’ అనియో యనువదించుచున్నారు.

పాణినీయమున భూతసామాన్యమున లుఙ్ (3-2-110), అనద్యతనభూతమున లఙ్ (3-2-111), పరోక్షమైన అనద్యతనభూతమున లిట్ (3-2-115) విహితములు. లిట్టునకు నిమిత్తము పరోక్షత్వము. పూర్వభూతమునకు నిమిత్తము అన్యభూతాపేక్షయైన పూర్వత్వము. ఈ రెండును భిన్నములు. లిట్టునకు మఱియొక సంఘటనతో ప్రసక్తి లేదు. పురాణకథ యంతయు లిట్టుతోనే నడువవచ్చును. పరోక్షత్వము కారణముగా లిట్టునకు ఉత్తమపురుష సామాన్యముగా సంభవింపదు. నిద్రామదాదులచే చిత్తము వశమున లేని సందర్భములయందే వ్యాఖ్యాతలు దానిని సమర్థించిరి. పూర్వభూతమునకో, ‘ఐ హ్యాడ్ సీన్’ అను ఉత్తమపురుష సర్వసామాన్యము. స్వయముగా చూచినదానినే అది చెప్పుచున్నది. కావున ‘తత్ర రాజా బభూవ’ అను వాక్యమునకు ‘దేర్ వాజ్ ఎ కింగ్’ అనుటయే యనువాదము. ‘దేర్ హ్యాడ్ బీన్ ఎ కింగ్’ అనినచో, కథ యారంభమగునప్పటికే యా రాజు గతించెనను వేఱర్థము తోచును.

ఇచట నొక శంక. వేదమున అభ్యాసముతో కూడిన యంగమునకు అడాగమము చేరి యేర్పడిన ‘అజగన్’ వంటి రూపములకు ఐరోపా పండితులు ‘ప్లూపర్ఫెక్ట్’ అనియే పేరు పెట్టిరి కదా, అవియైనను పూర్వభూతార్థకములు కావా? సమాధానము: కావు. విట్నీ 1879 నాటి తన సంస్కృతవ్యాకరణమున, ఆ పేరు నిర్మాణమునుబట్టి వచ్చినదే గాని అర్థమునుబట్టి వచ్చినది కాదని స్పష్టముగా చెప్పియున్నాడు.

సంస్కృతమున దీని యర్థము లభించు మార్గములు

పూర్వభూతమునకై ప్రత్యేకలకారము లేనంత మాత్రమున సంస్కృతమున ఆ యర్థమే లేదనరాదు. క్రియాకాలముల పరస్పరసాపేక్షత్వమును సూత్రకారుడు గుర్తించెను. ధాతుసంబంధవిషయమున ప్రత్యయములను విధించు 3-4-1 సూత్రమున, విశేషణక్రియాకాలము ప్రధానక్రియాకాలమునకు లోబడియుండుననుట సిద్ధమగుచున్నది. ముందు పుట్టబోవు పుత్రుని గూర్చి, యజ్ఞము చేసినవాడను నర్థముగల భూతప్రత్యయాంతముతో చెప్పుట దానికి ప్రసిద్ధోదాహరణము.

పూర్వభూతార్థము సంస్కృతమున ముఖ్యముగా మూడు మార్గముల లభించుచున్నది.

మొదటిది నిష్ఠాంతముతో ‘ఆసీత్’ అను దానిని చేర్చుట. ‘యదా శిష్య ఆగతః, తదా గురుః ప్రస్థిత ఆసీత్’ అను వాక్యమునకు ‘వెన్ ది స్టూడెంట్ కేమ్, ది టీచర్ హ్యాడ్ సెట్ అవుట్’ అనునది యథాతథమైన యనువాదము. ఇచట ‘హ్యాడ్’ తప్పనిసరి.

రెండవది సతిసప్తమి (2-3-37). ‘గురౌ గతే శిష్యా ఆగతాః’ అనినచో ‘వెన్ ది టీచర్ హ్యాడ్ గాన్, ది స్టూడెంట్స్ కేమ్’ అని చెప్పవలెను. ‘గురౌ గచ్ఛతి శిష్యా ఆగతాః’ అనినచో ‘యాజ్ ది టీచర్ వాజ్ గోయింగ్’ అని చెప్పవలెను. నిష్ఠాంతమునకును శత్రంతమునకును గల భేదమే ఆంగ్లమున పూర్వభూతమునకును ప్రవర్తమానభూతమునకును గల భేదముగా పరిణమించుచున్నది. బోధనయందు ఈ జంట యత్యంతము ఉపయుక్తము.

మూడవది క్త్వాంతము. సమానకర్తృకములైన క్రియలలో పూర్వకాలక్రియకు క్త్వా విహితము (3-4-21). పూర్వకాలశబ్దముచేత ఇదియే పూర్వభూతమునకు సరియైన ప్రతిరూపమని తోచుట సహజము. కాని యిచటనే యనువాదకుడు జాగరూకుడై యుండవలెను. ‘ఉత్థాయ స్నాత్వా దేవాలయం జగామ’ అను దానిని ‘హి హ్యాడ్ రిజెన్, హ్యాడ్ బేద్డ్ అండ్ వెంట్ టు ది టెంపుల్’ అని యనువదించుట యనుచితము. ‘హి రోజ్, బేద్డ్ అండ్ వెంట్ టు ది టెంపుల్’ అనుటయే యుచితము. ఏలయన, జరిగిన క్రమముననే చెప్పబడిన క్రియలకు ఆ క్రమమే పౌర్వాపర్యమును బోధించును. క్రమముచేత సిద్ధించినదానికి మరల శబ్దము వ్యర్థము. చెప్పిన క్రమము జరిగిన క్రమమునకు భిన్నమైనపుడే పూర్వభూతమునకు ప్రయోజనము.

ఈ కారణముచేతనే ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ అను పదములు పౌర్వాపర్యమును వాచ్యముగా చెప్పునపుడు ‘హ్యాడ్’ వైకల్పికము. ‘ఆఫ్టర్ హి రెడ్ ది లెటర్, హి స్లెప్ట్’ అనియు, ‘ఆఫ్టర్ హి హ్యాడ్ రెడ్’ అనియు రెండును సాధువులే. ‘వెన్’ అను పదము పౌర్వాపర్యమును నిర్ణయింపజాలదు గనుక అచట భారమంతయు క్రియారూపముపైననే పడును. రెండు క్రియలకును ‘హ్యాడ్’ చేర్చుట మఱియొక దోషము. పూర్వక్రియకే యది తగును. పరక్రియకు సామాన్యభూతము చాలును. రెండింటికిని చేర్చినచో రెండును సాకాంక్షములై మూడవ సంఘటనకై యెదురుచూచును.

ఇచట మఱియొక శంక. ‘బాణ డైడ్ బిఫోర్ హి హ్యాడ్ ఫినిష్డ్ ది కాదంబరి’ అను వాక్యము శిష్టాంగ్లమే. బాణుడు కాదంబరిని ముగింపకయే మరణించెను. ముగింపు మరణమునకు పూర్వము జరుగలేదు. అసలు బాణునిచే జరుగనేలేదు. జరుగని దానికి పూర్వభూతమెట్లు? సమాధానము: మరణక్షణము నపేక్షించి చూచినపుడు సమాప్తి సిద్ధింపలేదనుటయే యిచట వివక్షితము. ‘బిఫోర్’ తరువాతి పూర్వభూతము క్రియ సిద్ధావస్థకు చేరకపోవుటను సూచించును. తరువాత ‘హిస్ సన్ కంప్లీటెడ్ ది వర్క్ హిస్ ఫాదర్ హ్యాడ్ బిగన్’ అని చెప్పునపుడు, ఆరంభము నిజముగా జరిగినదే, సమాప్తికంటె పూర్వమైనదే. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి బోధించినచో విద్యార్థికి సూక్ష్మము తెలియును.

తెలుగున ‘అప్పటికి’

తెలుగువ్యాకరణమున చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ‘వచ్చి’, ‘చేసి’ యను రూపములకు క్త్వార్థకమను పేరునే గ్రహించెను. ఈ క్త్వార్థకముపై ‘ఉండు’ ధాతువు చేరగా ‘వచ్చియుండెను’, ‘చేసియుండెను’ అను రూపములు సిద్ధించును. ఆంగ్లపూర్వభూతమునకు తెలుగున ఇవి సన్నిహితములు. అయినను ఇవి సర్వత్ర తుల్యములు కావు. ‘కాశికి వెళ్ళియుండెను’ అను వాక్యమునకు అప్పటికే కాశికి వెళ్ళెనని యొక యర్థము. కాశికి వెళ్ళి యచట నివసించెనని మఱియొక యర్థము. మొదటిదానికి ‘హి హ్యాడ్ గాన్ టు కాశీ’ అనియు, రెండవదానికి ‘హి వెంట్ టు కాశీ అండ్ లివ్డ్ దేర్’ అనియు వ్రాయవలెను. ఇక ‘వచ్చియుండును’ అనునది సంభావనార్థకము; దానికి ‘హ్యాడ్’తో ప్రసక్తియే లేదు.

అంతేకాక, తెలుగున ‘వచ్చెను’ అను నొక్క రూపమే ఆంగ్లమందలి మూడు రూపములకు చాలుచున్నది. ‘నిన్న వచ్చెను’ అనునది ‘కేమ్’. ‘ఇప్పుడే వచ్చెను, లోపల నున్నాడు’ అనునది ‘హ్యాజ్ కమ్’. ‘సభ మొదలగునప్పటికే వచ్చెను’ అనునది ‘హ్యాడ్ కమ్’. తెలుగున కాలభేదమును క్రియ కాక ‘నిన్న’, ‘ఇప్పుడే’, ‘అప్పటికే’ అను పదములు మోయుచున్నవి. కావున విద్యార్థికి యొక సులభపరీక్షను చెప్పవచ్చును. తెలుగువాక్యమున ‘అప్పటికి’ యని చేర్చినపుడు అర్థము చెడక సరిపోయినచో ఆంగ్లమున ‘హ్యాడ్’కు తావు కలదు. సరిపోనిచో లేదు. ‘గతవారము తిరుపతికి వెళ్ళితిని’ అను దానియందు ‘అప్పటికి’ నిలువదు. కావున ‘హ్యాడ్’ నిలువదు. ‘నేను పోవునప్పటికి స్వామివారి తలుపులు వేసిరి’ అను దానియందు ‘అప్పటికే’ యనునది సహజముగా నిలుచును. కావున ‘దే హ్యాడ్ క్లోజ్డ్’ అనవలెను.

ఇతిశబ్దము – పరోక్షకథనము

సంస్కృతమున ‘ఇతి’, తెలుగున ‘అని’ యనునవి వక్త పలికిన వాక్యమును దాని కాలముతోనే నిలుపును. ఆంగ్లమున పరోక్షకథనమునందు అట్లు కాదు. ప్రధానక్రియ భూతమైనపుడు అంతర్వాక్యక్రియ యొక మెట్టు వెనుకకు జరుగును. ‘పఠామి ఇతి శిష్యోఽవదత్’ అనునది ‘సెడ్ దట్ హి వాజ్ రీడింగ్’. ‘పఠిష్యామి ఇతి’ అనునది ‘సెడ్ దట్ హి వుడ్ రీడ్’. ‘అపఠమ్ ఇతి’ అనునది ‘సెడ్ దట్ హి హ్యాడ్ రెడ్’. లఙ్ కనబడినదని ‘అపఠమ్’ అను దానికి సామాన్యభూతమునే యుంచినచో, శిష్యుడు చదువుచుండువాడను నిత్యవ్యవహారార్థముగూడ తోచుట కవకాశము కలదు. భూమి గుండ్రముగా నున్నదను వంటి నిత్యసత్యములకు మాత్రము ఈ జరుగుట యావశ్యకము కాదు.

కథలోపలి కథలను గూర్చి కూడ నొక మాట. కాదంబరియందు శుకము శూద్రకునకు కథ చెప్పును. అందు జాబాలి చెప్పిన కథ కలదు. దానిలో మహాశ్వేత చంద్రాపీడునకు చెప్పిన స్వీయవృత్తాంతము కలదు. ఉత్తరోత్తరము పూర్వకాలమునకు పోవుచున్నదని ప్రతిక్రియకును ‘హ్యాడ్’ చేర్చినచో ఆంగ్లము చదువనలవి కాదు. ఉపకథను ప్రవేశపెట్టు ఒకటి రెండు క్రియలకు పూర్వభూతము నుంచి, అపేక్షాకాలము మారెనని శ్రోతకు తెలిసిన పిమ్మట సామాన్యభూతముతో నడుపుట శిష్టసంప్రదాయము.

క్రియాతిపత్తి

‘ఇఫ్ హి హ్యాడ్ కమ్, ఐ వుడ్ హ్యావ్ టోల్డ్ హిమ్’ అనుచోట ‘హ్యాడ్’ పూర్వత్వమును బోధింపదు. క్రియ జరుగలేదనుటను బోధించును. ఇది లృఙ్‌విషయము (3-3-139, 140). ‘యది స ఆగమిష్యత్, తర్హి అహమవక్ష్యమ్’ అని సంస్కృతము. ‘వచ్చియుండినచో చెప్పియుండెడివాడను’ అని తెలుగు. లృఙ్ హేతువునందును ఫలమునందును సమానముగా వచ్చును గనుక ఆంగ్లమునందును రెంటియందు ‘వుడ్ హ్యావ్’ చేర్చుట సంస్కృతజ్ఞులకు సహజమైన పొరపాటు. ఆంగ్లమున హేతువాక్యమునందు ‘హ్యాడ్’ మాత్రమే. ఫలవాక్యమునందు ‘వుడ్ హ్యావ్’.

న్యాయగ్రంథముల యనువాదమున దీని ప్రాధాన్యము మిక్కుటము. ఘటమిచట నుండినచో కనబడియుండెడిదను ప్రసిద్ధతర్కమును ‘ఇఫ్ దేర్ హ్యాడ్ బీన్ ఎ పాట్ హియర్, ఇట్ వుడ్ హ్యావ్ బీన్ సీన్’ అని వ్రాసినపుడే ఘటాభావము వాక్యమునుండియే తేలును. ‘ఇఫ్ దేర్ వాజ్ ఎ పాట్’ అని వ్రాసినచో ఘటమున్నదో లేదో యను సందేహమే మిగులును. తర్కము సంశయముగా దిగజారును.

పరిశోధనవ్యాసములయందు

చారిత్రకవిచారమున పూర్వభూతప్రయోగము సాక్ష్యము వంటిది. కౌటిలీయార్థశాస్త్రముయొక్క వ్రాతప్రతిని ఆర్. శామశాస్త్రి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున 1905లో గుర్తించి, మూలమును 1909లో ప్రకటించెను. క్రమముగా చెప్పునపుడు ‘ఫౌండ్ ఇన్ 1905 అండ్ పబ్లిష్డ్ ఇన్ 1909’ అనుట చాలును. ప్రకటనతో నారంభించి వెనుకకు పోవునపుడు ‘హి పబ్లిష్డ్ ది టెక్స్ట్ ఇన్ 1909, హి హ్యాడ్ ఫౌండ్ ది మాన్యుస్క్రిప్ట్ ఇన్ 1905’ అనవలెను. ‘హ్యాజ్’తో నిర్దిష్టసంవత్సరము చేర్చుట నిషిద్ధమే గాని ‘హ్యాడ్’తో చేర్చుట నిషిద్ధము కాదని యీ యుదాహరణమువలన తెలియును.

తెలుగుసాహిత్యచరిత్రలో నింతకంటె సున్నితమైన స్థలము కలదు. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలుగులోనికి తెచ్చి, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించెను. తరువాతి పండితులలో పలువురు దాని నంగీకరింపలేదు. ‘వెన్ నన్నయ బిగాన్ ది మహాభారత, నన్నెచోడ హ్యాడ్ రిటెన్ ది కుమారసంభవ’ అని యొక పరిశోధకుడు వ్రాసినచో, తెలిసియో తెలియకయో వివాదమున నొక పక్షమును సిద్ధాంతముగా స్వీకరించినట్లే. ఆ పక్షము రామకృష్ణకవిదని చెప్పదలచినచో ‘కవి ఆర్గ్యూడ్ దట్ నన్నెచోడ హ్యాడ్ రిటెన్ బిఫోర్ నన్నయ’ అని వాదముగా నిలుపవలెను. మొదటి వాక్యమందలి ‘హ్యాడ్’ వ్యాసకర్త ప్రతిజ్ఞ; రెండవదానియందలిది పరమతానువాదము. ప్రతిజ్ఞకు హేతువు చూపవలెను. అనువాదమునకు మూలము చూపిన చాలును. గ్రంథకర్తల పౌర్వాపర్యనిర్ణయమే ప్రధానవిషయమైన వ్యాసములయందు ఈ భేదమును పాటింపనిచో ఎంత పరిశ్రమించి సేకరించిన సాక్ష్యమైనను ఆంగ్లసంగ్రహమున వికృతమగును. ఆంగ్లము మాత్రమే చదువువారికి ఆ సంగ్రహమే వ్యాసము.

దీనినిబట్టి తేలిన సారమిది. పూర్వభూతమునకు పూర్ణత్వము గాని, దూరత్వము గాని, పరోక్షత్వము గాని నిమిత్తము కాదు. భూతాంతరాపేక్షయైన పూర్వత్వమే నిమిత్తము. క్రియాతిపత్తియందు మాత్రము అసిద్ధత్వము నిమిత్తము. లిట్టును దీనితో ముడివేయరాదు. నిష్ఠాంతసతిసప్తమిని, ‘ఆసీత్’తో కూడిన నిష్ఠాంతమును దీనితో సరిపోల్చవచ్చును. క్త్వాంతమును చూచినంతనే ‘హ్యాడ్’ వ్రాయరాదు. ‘హ్యాడ్’ వ్రాసిన ప్రతిచోటను ‘ఎప్పటికి?’ యని ప్రశ్నించుకొని, సమాధానము వాక్యమునందో ప్రకరణమునందో చూపగలిగినపుడే దానిని నిలుపవలెను. ఆకాంక్షను గుర్తించుట శాస్త్రాభ్యాసము చేసినవారికి క్రొత్త విద్య కాదు. వాక్యార్థవిచారమున నిత్యము చేయుచున్న పనినే ఆంగ్లవాక్యముపైనను చేసినచో ఈ విషయమున దోషములు చాలవఱకు తొలగిపోవును.